భయానికీ నమ్మకానికీ కొలతలు: రొమ్ము క్యాన్సర్ పరీక్షల చరిత్రలో ఒక అధ్యాయం

పరీక్ష ఉచితంగా చేస్తామన్నా జనం ఎందుకు రారు? ఈ ప్రశ్న రొమ్ము క్యాన్సర్‌తో మొదలు కాలేదు. 1950వ దశకంలో అమెరికా ప్రజారోగ్య శాఖ, క్షయను ముందుగా పసిగట్టడానికి ఎక్స్‌రే వాహనాలను జనావాసాల్లోకే పంపింది. అయినా ఆశించినంతమంది రాలేదు. కారణాలు వెతికిన హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ తదితర మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘ఆరోగ్య విశ్వాస నమూనా’ను రూపొందించారు. ఈ జబ్బు నాకు వస్తుందా, వస్తే ఎంత ముప్పు, పరీక్షతో మేలెంత, అడ్డంకులేమిటి? మనిషి ఈ లెక్కలు వేసుకుంటాడని వారి వాదన. రానివారిని అజ్ఞానులని తోసిపుచ్చే అలవాటుకు ఇది మొదటి గట్టి జవాబు.

ఈ నమూనాను 1984లో రొమ్ము పరీక్షకు వర్తింపజేసి మాపకం తయారుచేసినది నర్సింగ్ పరిశోధకురాలు విక్టోరియా ఛాంపియన్. అప్పటి దృష్టి స్త్రీ తన రొమ్మును తానే పరీక్షించుకోవడంపై ఉండేది. 1993లో ఆ మాపకాన్ని సవరించినప్పుడు ‘నమ్మకం’ అనే అంశం చేరింది. దీని వెనుక ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన ఉంది. దీన్ని సాధారణ ధైర్యంగా పొరబడకండి. వందమంది ముందు మాట్లాడే మహిళా సర్పంచి కూడా, చేతికి తగిలినది గడ్డ అవునో కాదో చెప్పలేనని అనుకోవచ్చు. ఇక్కడ కొలిచేది ఒక నిర్దిష్టమైన పని చేయగలనన్న నమ్మకాన్నే.

మరి ఆ పని వల్ల ప్రాణాలు నిలుస్తాయా? చైనాలోని షాంఘై వస్త్ర మిల్లుల్లో 1989లో మొదలైన అధ్యయనంలో 2,66,064 మంది స్త్రీలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి స్వీయ పరీక్ష నేర్పారు. 2002లో తుది ఫలితాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ మరణాలు నేర్చుకున్నవారిలో 135, నేర్చుకోనివారిలో 131. పైగా నేర్చుకున్నవారిలో ప్రమాదం లేని గడ్డలకు ముక్క పరీక్షలు పెరిగాయి. అంటే ఎంత నిక్కచ్చిగా కొలిచినా, ఆ నమ్మకం దేనిమీదో చూడక తప్పదు.

ఛాంపియన్ బృందం 2004లో ఎనిమిది అంశాల భయ మాపకాన్ని, 2005లో మామోగ్రామ్‌కు వేరుగా నమ్మకపు మాపకాన్ని ప్రచురించింది. రెండోదానిలో ప్రయాణం, ఖర్చు, అపాయింట్‌మెంట్ వంటి సాధకబాధకాలు ఉన్నాయి. నా దృష్టిలో ఇదే అసలు ముందడుగు. భయ మాపకంలో ఒక్కో అంశానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 8 నుంచి 40. కొంత భయం పరీక్షకు నడిపిస్తుందని, మితిమీరితే ఆపేస్తుందని ఒక వాదన ఉంది. అధ్యయనాలన్నీ దానితో ఏకీభవించవు.

మీ ప్రాజెక్టుకు దీన్ని అనువదించి చూడండి. గుండె దడకు ఇబ్బంది లేదు. కానీ ఇంగ్లీషులో విడివిడిగా ఉన్న మూడు నాలుగు భావాలు తెలుగులో ‘కంగారు’, ‘ఆందోళన’ దగ్గరే ఆగిపోతాయి. ఒకే ప్రశ్నను నాలుగుసార్లు అడిగినట్లయి విశ్వసనీయత గుణకం పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి సంబరపడకూడదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. ఆ అంశాలన్నీ క్యాన్సర్ తలపుకు సంబంధించిన భయాన్నే అడుగుతాయి. మన దేశంలో 2016 మార్గదర్శకాల ప్రకారం 30–65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి జరగవలసినది మామోగ్రామ్ కాదు, ఆరోగ్య సిబ్బంది చేతితో చేసే పరీక్ష. ఎవరు పరీక్షిస్తారు, తలుపు వేసి ఉంటుందా, గడ్డ ఉందని తేలితే కూతురి పెళ్లి సంబంధం చెడుతుందా అన్న భయాలకు ఆ ఎనిమిది అంశాల్లో చోటు లేదు. వాటిని మీరే విడిగా రాసుకోవాలి, ముందు పదిమంది స్త్రీలను అడిగి.