ఆబ్కారీ రాబడి, అమ్మకం పన్ను: చిత్తూరు జిల్లాలో 1938 మద్యనిషేధం – ఒక పరిశీలన

1938 అక్టోబరు 1న మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది. సరిగ్గా ఏడాది ముందు సేలం జిల్లాలో దీనికి నాంది పలికారు. చక్రవర్తి రాజగోపాలాచారి మంత్రివర్గం చేపట్టిన ఈ చర్యను చరిత్రకారులు ఎక్కువగా గాంధేయ సంస్కరణగానే వివరించారు. అది అవాస్తవం కాదు. అయితే ఖజానా వైపు నుంచి చూస్తే ఇది పన్నుల చరిత్రలో ఒక మలుపు. రాయలసీమ దక్షిణాన రెండు జిల్లాలలో కల్లు, సారా దుకాణాలు మూతపడిన మరుసటి ఏడాదే భారతదేశంలో తొలి సాధారణ అమ్మకం పన్ను చట్టం పుట్టింది. ఈ రెండింటి మధ్య గల కార్యకారణ సంబంధాన్ని చిత్తూరు జిల్లా నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ప్రెసిడెన్సీ రాబడికి భూమిశిస్తు మొదటి ఆధారం, ఆబ్కారీ రెండవది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం తరువాత ఈ రెండవ ఆధారం మరింత బలపడింది. గీసే ప్రతి చెట్టుకూ చెట్టుపన్ను, దుకాణానికి వేలంపాట, సారాపై సుంకం – ఇలా ఒకే సరుకు మీద పలు అంచెలలో సర్కారుకు సొమ్ము చేరేది. 1937 నాటికి ప్రెసిడెన్సీ మొత్తం రాబడిలో ఆబ్కారీ వాటా సుమారు నాలుగో వంతు. కరవు ఏడాదిలో శిస్తు మాఫీ చేయక తప్పని సీమ జిల్లాలలో వేలంపాట సొమ్ము విలువ రెవెన్యూ అధికారులకు బాగా తెలుసు. పాటదారు ముందుగా ఒప్పుకున్న మొత్తం కట్టవలసిందే. ఆ భారం చివరకు కూలివాని జేబు మీద పడేది. వృత్తిరీత్యా దీనిపై ఆధారపడిన ఈడిగ కుటుంబాలకు ఈ ఏర్పాటు బతుకుతెరువు కూడా. సంస్కరణ చరిత్రలలో వీరి ప్రస్తావన తక్కువగా కనిపించడం ఒక లోపమే.

చిత్తూరు జిల్లా ఎంపిక పరిపాలనాపరంగా సులభమైనది కాదు. 1911లో ఏర్పడిన ఈ జిల్లాకు నాడు తిరుత్తణి కూడా చెందేది. ఉత్తరాన కడప ఒక్కటే నిషేధ జిల్లా. నెల్లూరు, చెంగల్పట్టు జిల్లాలలో అమ్మకాలు యథాతథంగా సాగేవి. దక్షిణాన ఉత్తర ఆర్కాటుకు నిషేధం 1939 అక్టోబరులో గాని రాలేదు. పడమట మైసూరు సంస్థానానికి మద్రాసు చట్టం వర్తించదు. పలమనేరు, పుంగనూరు ప్రాంతాల నుంచి సరిహద్దు దాటితే చాలు, దుకాణం తెరిచే ఉంటుంది. రాబడి నష్టానికి తోడు కాపలా ఖర్చు పెరిగే పరిస్థితి ఇది.

నష్టాన్ని పూడ్చే మార్గం 1935 భారత ప్రభుత్వ చట్టంలో లభించింది. సరుకుల అమ్మకంపై పన్ను వేసే అధికారాన్ని ఆ చట్టం రాష్ట్రాల జాబితాలో చేర్చింది. 1939లో పెట్రోలు అమ్మకాలపై, పొగాకుపై, వినోదాలపై వేర్వేరు చట్టాలు వచ్చాయి. వాటన్నిటి కంటే విస్తృతమైనది మద్రాసు సాధారణ అమ్మకం పన్ను చట్టం. రైతు తాను పండించిన పంటను అమ్ముకుంటే దానికి పన్ను లేదు. ఏడాదికి పదివేల రూపాయల లోపు వ్యాపారానికీ మినహాయింపు ఉంది. ఇరవై వేల వరకు నెలకు 5 రూపాయలు, ఆపైన మొత్తం అమ్మకాలపై అర శాతం.

ఈ రేట్లను లెక్కవేసి చూడాలి. పదివేల వ్యాపారి ఏడాదికి 60 రూపాయలు కడతాడు, అంటే 0.6 శాతం. ఇరవై వేల వ్యాపారి కట్టేదీ అంతే, అది 0.3 శాతం. లక్ష వ్యాపారి భారం 0.5 శాతం. అంటే మినహాయింపు గీతను అప్పుడే దాటిన చిన్న కొట్టుదారుపైనే నిష్పత్తి ప్రకారం అధిక భారం పడింది. పైగా ఇది అంచెలంచెల పన్ను. వేరుశనగ మండీ వర్తకుడు, నూనె మిల్లు, టోకు వర్తకుడు, చిల్లర దుకాణదారు – సరుకు చేతులు మారిన ప్రతిసారీ అర శాతం చొప్పున వేస్తే నాలుగు అంచెలకు దాదాపు 2 శాతం అవుతుంది. తాగేవాడు కట్టిన పన్ను స్థానంలో నూనె, గుడ్డ కొనే ప్రతి ఇల్లూ కట్టే పన్ను వచ్చింది. కల్లు మానిన కుటుంబం ఆ సొమ్ముతో ఇతర సరుకులు కొంటుంది, ఆ కొనుగోళ్ల నుంచి సర్కారుకు రాబడి తిరిగి వస్తుంది అన్న సమర్థన తర్కబద్ధమే. కాని ఎన్నడూ కల్లు ముట్టని కుటుంబానికి ఇందులో మిగిలింది అదనపు భారమే.

వర్తకులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. వేరుశనగ నూనె ఉత్పత్తిదారులైన బొడ్డు పైడన్న అండ్ సన్స్ వ్యాజ్యం వీటిలో ప్రసిద్ధం. ఉత్పత్తిదారు చేసే తొలి అమ్మకంపై పన్ను నిజానికి కేంద్రానికి చెందిన ఎక్సైజు సుంకమేనన్నది వారి వాదం. హైకోర్టు దానిని అంగీకరించినా, 1942లో ఫెడరల్ కోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పింది. ఒక తెలుగు వ్యాపార సంస్థ వేసిన ఈ వ్యాజ్యంలో ఓటమి దేశంలోని రాష్ట్రాలన్నిటికీ ఒక స్థిరమైన ఆదాయమార్గాన్ని ఖరారు చేసింది.

అసలు పరీక్ష తరువాత ఎదురైంది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు పాలన 1944లో నిషేధాన్ని నిలిపివేసింది. దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి, ఆబ్కారీ రాబడి తిరిగి వచ్చింది. అమ్మకం పన్ను మాత్రం రద్దు కాలేదు. లోటు పూడ్చడానికి వచ్చిన పన్ను, లోటు తీరిన తరువాత కూడా నిలిచిపోయింది. 1946 నుంచి నిషేధం మళ్లీ దశలవారీగా విస్తరించి 1948 అక్టోబరు 2 నాటికి ప్రెసిడెన్సీ అంతటా వచ్చినప్పుడు ఈ పన్నే ప్రభుత్వాన్ని ఆదుకుంది.

ఆంధ్ర రాష్ట్రం ఈ రెండింటినీ వారసత్వంగా పొందింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధ వివాదంపైనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1957లో ఆంధ్రప్రదేశ్ తన సొంత సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చుకుంది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం విధించిన సంపూర్ణ నిషేధం 1997లో సడలింది, అందుకు చూపిన కారణాలలో ఖజానా లోటు ముఖ్యమైనది. అమ్మకం పన్ను స్థానంలో 2005లో విలువ ఆధారిత పన్ను, 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చాయి. తాగే మద్యాన్ని మాత్రం ఈ చివరి పన్ను పరిధి నుంచి రాజ్యాంగమే మినహాయించింది. ఫలితంగా దానిపై రేటు నిర్ణయించే అధికారం నేటికీ రాష్ట్రానిదే. ఇటు కర్ణాటకకు, అటు తమిళనాడుకు ఆనుకొని ఉన్న చిత్తూరు జిల్లాలో మూడు రాష్ట్రాల ధరల తేడా సరిహద్దు తనిఖీ కేంద్రాలకు నేటికీ పని కల్పిస్తూనే ఉంది.