మురానో అద్దాలు

చేతిలో పనుంటే ఎక్కడైనా బతకొచ్చని మన పెద్దవాళ్ళు అంటూంటారు. వెనిస్ గాజు పనివాళ్ళ కథ చదివాక నాకా మాటమీద అనుమానం పట్టుకుంది.

ఊరు తగలబడుతుందన్న భయంతో 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు బట్టీలన్నిటినీ పక్కనున్న మురానో దీవికి తరలించింది. నిప్పు భయం సరే, పనిరహస్యం బయటికి పొక్కకుండా కాపలా కాయడానికీ ఆ దీవి బాగా పనికొచ్చింది! కుర్రవాళ్ళు చిన్నప్పుడే మేస్త్రీ దగ్గర చేరి ఏళ్ళతరబడి నేర్చుకోవాలి. నేర్చాక మర్యాదకి లోటులేదు. గాజు మేస్త్రీ కూతురు గొప్పింటి కోడలైతే, ఆమె పిల్లలకి తండ్రి హోదా తగ్గేది కాదు. మరి ఆడవాళ్ళు నేర్చుకోలేదా అంటారేమో. ఆంజెలో బరోవియర్ అనే మేస్త్రీ కూతురు మరియెట్టా 1487లో సొంతానికి చిన్న బట్టీ పెట్టుకోడానికి అనుమతి సంపాదించింది. ఆవిడమీద ఓ నవల రాయాలని నాకుంది, అది వేరే సంగతి.

ఇంత గౌరవమూ దీవిలో ఉన్నన్నాళ్ళే. చెప్పకుండా దేశం దాటి పనిచేస్తే నేరం. విద్య ఎంత అరుదో జీతం అంత పెద్దది, కాపలా అంత గట్టిది.

1665లో ఫ్రాన్సు మంత్రి కోల్బేర్ పారిస్‌లో అద్దాల కార్ఖానా పెట్టించి, మంచి జీతాలు ఆశచూపి మురానో పనివాళ్ళని రహస్యంగా రప్పించాడు. వచ్చారుగానీ, ఫ్రెంచి కుర్రాళ్ళకి కిటుకు చెప్పరే! చెబితే తమ జీతమేమవుతుందో వాళ్ళకి తెలీదూ? 1667లో వాళ్ళలో ఇద్దరు చనిపోతే, వెనిస్ వాళ్ళే విషం పెట్టించారని పుకారు పుట్టింది. చాలామంది ఇంటిదారి పట్టారు.

అప్పటికే చూసి నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నారు. 1672లో ఫ్రాన్సు వెనిస్ అద్దాల దిగుమతినే నిషేధించింది. 1684లో పూర్తయిన వెర్సాయ్ అద్దాల మందిరంలో 357 అద్దాలున్నాయి. అవన్నీ ఫ్రాన్సులో తయారైనవే.