పోచంపల్లి పెద్దకాళ్ల డైనోసార్

ఇక్కత్ చీరల పోచంపల్లి అందరికీ తెలుసు. ప్రాణహితకు ఆవల, మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ఇంకో పోచంపల్లి ఉంది. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి డైనోసార్ల ఎముకలు బయటపడ్డది ఆ ఊరి దగ్గరే.

ఇక్కడి రాళ్ల మీద శాస్త్రజ్ఞుల చూపు 19వ శతాబ్దంలోనే పడింది. నది ఒడ్డున కోటా అనే పల్లె దగ్గర సున్నపురాతిలో చేపల శిలాజాలు దొరికాయి. ఆ శిలలకు ఊరి పేరే స్థిరపడింది.   జురాసిక్ కాలంలో సిరొంచ వైపు సముద్రం లేదు. నదులు, చెరువులే. అందుకే ఇక్కడ నేలమీది జీవుల ఎముకలు మిగిలాయి.

1957లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిలాజాల అధ్యయనానికి పునాది వేశారు. గణాంకాల సంస్థ అడవుల్లో డైనోసార్లను తవ్వడం మన విజ్ఞాన చరిత్రలో గర్వించదగ్గ ఘట్టం. పోచంపల్లిలో దొరికినవి సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. ప్రధానంగా తవ్విన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. ఆ గుర్తుగా 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ ఈ పెద్దకాళ్ల డైనోసార్‌కు బరాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు.

తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు! ఒళ్లు దాదాపు 14 మీటర్లు. అయితే అసలు విశేషం వెన్నుపూసల్లో ఉంది. పూసల పైభాగాన్ని సన్నని ఎముక పలకలు మోస్తాయి. బరువు తగ్గినా బలం తగ్గని ఏర్పాటిది. నడుము వైపు పూసల్లో వెన్నుపాము దారి, పైనున్న ఓ చీలిక గుండా పెద్ద బోలులోకి తెరుచుకుంటుంది. తరువాతి మహాకాయుల్లో బాగా వికసించిన నిర్మాణానికి ఈ పలకల ఏర్పాటు తొలినాటి రూపం.

పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లు మాత్రమే దొరికాయి. ఎముకలతో పాటు పెద్ద మానులు కూడా రాయిగా మారి కనబడటంతో, మంద మొత్తం వరదలో చనిపోయి కొట్టుకొచ్చిందని పరిశోధకులు భావిస్తున్నారు.

బరాపాసారస్ ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది. నదికి ఇవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన బంధువు కోటాసారస్‌ను 1988లో పి. యాదగిరి లోకానికి పరిచయం చేశారు. అది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ రెంటి నమూనాలనూ పక్కపక్కన పెట్టి సిరొంచ పిల్లలకు వాళ్ల ఊళ్లోనే, తెలుగులోనూ మరాఠీలోనూ వివరించి చూపాలి.