ఏరున్న వూరు

పెళ్లయి హైదరాబాదు కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ రాసిన మొదటి వుత్తరంలో మొదటి ప్రశ్న, "అల్లుడుగారు కులాసాగా వున్నారా?" అని కాదు; "అక్కడ నీళ్లెలా వున్నాయే?" అని. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో వూరంటే ముందు నీళ్లు, తక్కినవన్నీ తర్వాత. నేను నవ్వుకుని, "కుళాయి వుందమ్మా, తిప్పితే చాలు" అని గొప్పగా జవాబు రాశాను. ఆ కుళాయిలోకి నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో కనుక్కుందామని మాత్రం ఏళ్ల తరబడి తోచలేదు.

ఇన్నాళ్లకి ఎందుకు తోచిందంటే, మా అబ్బాయి ఇల్లు కొంటానన్నాడు. వూరి చివర కొత్తగా కడుతున్న ఫ్లాట్లు. చుట్టుపక్కల వాటికంటే ధర తక్కువ. ఆదివారంలోగా అడ్వాన్సు కడితే ఇంకాస్త తగ్గిస్తారట. వాడు దాచుకున్నదీ, మావారి రిటైర్మెంటు డబ్బులో మిగిలిందీ కలిపితే సరిగ్గా సరిపోతుంది. అంచేత మా ఇంట్లో వారం రోజులపాటు ఒకటే చర్చ - కాపురానికి పనికొచ్చే చోటంటే ఏది?

కోడలు పిల్లాడి బడి దగ్గరగా వుండాలంది. మనవడు ఈతకొలను వుంటే చాలు, బడి లేకపోయినా ఫరవాలేదన్నాడు. నాకు వంటింట్లో గాలీ వెలుతురూ కావాలి. మావారు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, "దీనికింత తర్జనభర్జన ఎందుకోయ్! సుమతీ శతకంలో ఎప్పుడో తేల్చేశారు" అన్నారు.

మీకూ గుర్తుండే వుంటుంది. చిన్నప్పుడు మనమంతా బట్టీపట్టిన పద్యమే. అవసరానికి అప్పు పుట్టాలి, జబ్బు చేస్తే వైద్యుడుండాలి, ఏడాది పొడుగునా పారే ఏరుండాలి, బ్రాహ్మడుండాలి. ఈ నాలుగూ వున్న వూళ్లో వుండు, లేని వూళ్లో అడుగుపెట్టకు అంటాడు శతకకారుడు.

"అయితే మనకి బెంగే లేదు" అన్నాడు అబ్బాయి. "అప్పు ఇస్తామని బ్యాంకులవాళ్లు రోజుకి నాలుగుసార్లు ఫోను చేస్తున్నారు. డాక్టర్లు సందుకొకరు. బ్రాహ్మడంటే ఈ రోజుల్లో చదువు చెప్పేవాళ్లనుకుందాం, కాలేజీలు వీధికి రెండు. ఇంక ఏరంటావా, ఇదిగో చూడమ్మా!" అని రంగురంగుల కాగితం నా చేతిలో పెట్టాడు. మేడల వెనక నీలంగా చెరువు. చెరువులో రెండు బాతులు కూడా వున్నాయి.

బాతులు బాగానే వున్నాయి గాని, నా మనసెందుకో కుదుటపడలేదు. మా ఆయన రిటైరయ్యాక సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికి వెళ్లి వస్తూ వుంటారు. 1901లో స్థాపించిన గ్రంథాలయం అది. నైజాం రాజ్యంలో తెలుగు చదువుకి దీపం పెట్టిన చోటు. ఆయన తెచ్చిన పుస్తకాల్లో హైదరాబాదు చరిత్ర కూడా వుంది. పప్పు వుడికేలోగా నాలుగేసి పేజీలు చదవడం మొదలుపెట్టాను. రెండుసార్లు పప్పు మాడింది.

ఈ వూరు పుట్టింది కూడా నీళ్లకోసమేనట! కుతుబ్ షాహీ సుల్తానులు గోల్కొండలో వుండేవారు. దుర్గం చెరువు నుంచి కోటకి నీళ్లు వచ్చేవి. వాటిని చక్రాలతో పైపైకి ఎత్తి, మట్టి గొట్టాల్లో గుట్టమీది మహళ్లదాకా పంపించేవారు. ఎంత చేసినా కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్లకి కటకట మొదలైంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ సాగర్ తవ్వించారు. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు. ఆ తర్వాత 1591లో మహమ్మద్ కులీ ఏటికి ఆవలి ఒడ్డున చార్మినార్ నిలబెట్టి, దాని చుట్టూ కొత్త నగరం వేయించాడు. తోటలూ, వెడల్పాటి వీధులూ! మన శతకకారుడు చూసి వుంటే పద్యం మార్చనవసరం లేకుండా మార్కులు వేసి వుండేవాడు.

ఒక్క నగరంలోనే కాదు, మూసీ పుట్టిన దగ్గర్నుంచీ చుట్టూ చెరువులే. గొలుసుకట్టు చెరువులంటారు వాటిని. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అదీ నిండితే ఇంకా కిందికి. పెద్దాడి చొక్కా రెండోవాడికీ, రెండోవాడిది మూడోవాడికీ వచ్చినట్టన్నమాట! వాన చుక్క వృథా పోదు, ఒక్కసారిగా వచ్చి మీదా పడదు. మాసాబ్ ట్యాంక్ పేరు రోజూ వింటాంగా, అదీ అలాంటి తటాకమే. కుతుబ్ షాహీల ఇంటి పెద్దావిడని "మా సాహెబా" అని గౌరవంగా పిలిచేవారట. ఆవిడ పేరుమీద వెలసిన చెరువు. ఇప్పుడక్కడ బస్సులాగుతాయి గాని ట్యాంకు లేదు. నేనెన్నోసార్లు అక్కడ బస్సు దిగాను, ఏ ట్యాంకు అని ఒక్కసారీ అనుకోలేదు.

అన్నీ బాగున్న వూళ్లో మనుషులకి ధీమా పెరుగుతుంది కాబోలు. ఏటి ఒడ్డు దాకా ఇళ్లు వచ్చేశాయి. ఎండాకాలంలో మోకాళ్లు తడవకుండా దాటే మూసీని చూసి ఎవరికి భయమేస్తుంది?

1908 సెప్టెంబరు 28. ఆ రోజు జరిగింది చదువుతూంటే నా చేతిలో గరిటె చేతిలోనే వుండిపోయింది. ఎడతెగని వాన. ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే అందులో 221 గండిపడ్డాయని తర్వాత లెక్క తేలింది. చొక్కాల వరసే మరి, పైది చిరిగితే కిందిదీ ఆగలేదు. ఆ నీళ్లన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. కుతుబ్ షాహీలనాటి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. కోల్సావాడిలాంటి పేటలు ఇళ్లతో, పొయ్యిలతో, వుయ్యాలలతో సహా వూడ్చుకుపోయాయి. సుమారు 15,000 మంది పోయారని అంచనా.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టుండేది. నూట యాభైమంది దాకా దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చీకట్లో పసిపిల్లని చంకనేసుకుని చెట్టెక్కిన తల్లులు ఎంతమందో! చింతకొమ్మ విరగదంటారు గదా, అందుకే నిలిచింది. ఉస్మానియా ఆస్పత్రిలో ఆ చెట్టుని ఇప్పటికీ చూపిస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బాధితులకోసం రాజభవనాల తలుపులు తెరిపించాడు. మూసీ తల్లి శాంతించాలని ఏటి ఒడ్డుకొచ్చి, చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని కూడా చెప్పుకుంటారు. నవాబుగారు ఏటికి చీర పెట్టడం! ఆ కథ చదివి నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు శతకకారుణ్ణి అడిగి వుంటే ఏమనేవాడో? ఆస్పత్రి మునిగింది, షావుకారు కొట్టు మునిగింది, ఏరే మృత్యువై వచ్చింది. ఈ వూరొదిలి పొమ్మనేవాడే. జనం పోలేదు. ఎక్కడికి పోతారు? బురద కడుక్కుని, పొయ్యి మళ్లీ వేసుకున్నారు.

మర్నాటి ఏడు, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన చెప్పిన వుపాయం వింటే ఇల్లు దిద్దుకునే ఆడవాళ్లకి ఇట్టే బోధపడుతుంది. పాలు పొంగుతాయని భయమైతే పొయ్యిలో నీళ్లు పోసుకోం, పెద్ద గిన్నె పెడతాం. అలాగే నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టండి, వరదని అక్కడ పట్టి నిలపండి, ఆ నీళ్లనే వూరికి తాగడానికి వాడండి అన్నాడాయన. ముంచిన నీళ్లే దాహం తీర్చాలన్నమాట! మురుగు పోయే దారి సంగతి కూడా పట్టించుకున్నాడు. మూసీ మీద గండిపేటలో ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఒకటి పెట్టి ఇరుకు పేటలు సరిచేశారు. వరదపాలైన ఆస్పత్రి స్థానంలో ఉస్మానియా ఆస్పత్రి లేచింది.

గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ వూరొదిలి వెళ్లలేరని ఇక్కడొక మాటుంది. ఆ నీళ్ల రుచి వెనక పదిహేనువేల ప్రాణాలున్నాయని నాకిన్నేళ్లూ తెలీదు. నేను అమ్మకి రాసిన ఆ గొప్ప కుళాయి అంత దుఃఖంలోంచి వచ్చింది. ఈ సంగతి చెబుదామంటే ఇప్పుడు అమ్మ లేదు.

శతకంలో ఏరుండాలన్నాడు గాని, ఏటితో ఎలా మెలగాలో చెప్పలేదు. ఆ పాఠం మాత్రం ఈ వూరు తనంతట తనే నేర్చుకుంది. నేర్చుకున్నది గుర్తు పెట్టుకుందా అంటే, అదే అనుమానం. ఇవాళ కృష్ణానుంచీ గోదావరినుంచీ కూడా గొట్టాల్లో నీళ్లొస్తున్నాయి. నీళ్లు దూరంనుంచి వచ్చేసరికి ఇంటిపక్క చెరువంటే లోకువైపోయింది. పూడ్చారు, కట్టారు. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ కుండపోత కురిసినప్పుడు కాలనీలకి కాలనీలు మునిగాయి. నీళ్లకి మన కాగితాలు చదవడం రాదు. పాత దారి మాత్రం మరిచిపోవు.

ఇంక వూరుకోలేక శనివారం నేనూ వస్తానన్నాను. "నీకెందుకమ్మా ఎండలో శ్రమ?" అన్నాడు అబ్బాయి. వెళ్లాం. నమూనా ఫ్లాటు చూపించారు. వంటిల్లు, అబద్ధమెందుకు, చక్కగా వుంది. కిటికీలోంచి గాలి రివ్వున కొడుతోంది. "చెరువెక్కడ బాబూ?" అనడిగాను. టై కట్టుకున్న కుర్రాడు దూరంగా ఎటో చెయ్యి చూపించి, మళ్లీ టైల్స్ సంగతికొచ్చాడు.

బయట గేటు పక్కన ఒక ముసలమ్మ జామకాయలమ్ముతోంది. నాలుగు కాయలేరుకుంటూ, "ఇక్కడ చెరువుందిట, ఎటువైపమ్మా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "చెరువు యాడికి పోయిందమ్మా, మీరు నిలబడ్డదే చెరువు. అగో, ఆ తాటిచెట్ల కాడ కట్ట ఉండె. సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా ఈడికే వచ్చేటోళ్లం."

నేను అబ్బాయి మొహంకేసి చూశాను. వాడు ఆవిడకేసి, తర్వాత తాటిచెట్లకేసి చూశాడు. దార్లో ఎవరం మాట్లాడలేదు.

అడ్వాన్సు ఆదివారం కట్టలేదు. సోమవారం మావారు గొడుగు పట్టుకుని బయల్దేరి, నాలుగు రోజులు తిరిగి, ఆ గ్రామం పాత పటం నకలు తెచ్చారు. సర్వే నంబరు దగ్గర భూతద్దం పెట్టి చూస్తే, ఆ జాగాలో సగం పైన శిఖం భూమే. అంటే చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేల. అబ్బాయి పటం మడిచి బీరువాలో పెట్టాడు. పదిరోజులు నాతో ముభావంగా వున్నాడు. వాడి కష్టం నాకు తెలుసు. అంత ధరలో మళ్లీ దొరకదు. ఇప్పటికింకా అద్దె ఇంట్లోనే వున్నాం, మనవడు ఈతకొలను కోసం ఇంకా అడుగుతూనే వున్నాడు. ఆ ఫ్లాట్లలో చాలామటుకు అమ్ముడైపోయాయట. ఈసారి గట్టివాన పట్టినప్పుడల్లా, నాకు పేరైనా తెలియని ఆ ఇల్లాళ్లు గుర్తొస్తారు. ఆ వంటింటి కిటికీ గుర్తొస్తుంది.

మొన్న మా చెల్లెలి కూతురు పెళ్లయి మరో వూళ్లో కాపురం పెట్టి ఫోను చేసింది. ఇల్లు బాగుంది పెద్దమ్మా, బజారు దగ్గర, ఆస్పత్రి దగ్గర, అని ఏకరువు పెట్టింది. అంతా విని, మా అమ్మ ప్రశ్నే అడిగాను. "అదంతా సరేగాని, అక్కడ నీళ్లెలా వున్నాయే?"

"ఇరవైనాలుగ్గంటలూ వస్తాయి పెద్దమ్మా!" అంది నాలాగే గొప్పగా.

"ఎక్కణ్ణించి వస్తాయో కనుక్కో. వానొస్తే ఎటు పోతాయో అదీ కనుక్కో" అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇంటివాళ్లనడిగి చెబుతాను పెద్దమ్మా" అంది.