మా హొసూరులో ఛార్లెస్ నియమం

హొసూరు అనగానే చాలామంది తమిళనాడు హోసూరు అనుకుంటారు. మాది గౌరిబిదనూరు తాలూకా హొసూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. హెచ్. నరసింహయ్యగారు 1920లో పుట్టిన ఊరు. హైస్కూలు చదువు కోసం 1935లో ఆయన బెంగళూరుకు కాలినడకన వెళ్లారు. 1946 నుంచి అక్కడి నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉండగా, 1976లో మహిమల నిజానిజాలు తేల్చడానికి ఏకంగా ఒక కమిటీ వేశారు. అడగకుండా, పరీక్షించకుండా దేన్నీ ఒప్పుకోకూడదన్నది ఆయన పట్టు. ఆ పట్టు మా పిల్లలకూ అబ్బాలని ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ కోరుకున్నాను.

ఛార్లెస్ నియమాన్నే తీసుకోండి. పీడనం మారకుండా ఉంటే వాయువు ఘనపరిమాణం పరమ ఉష్ణోగ్రతతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుందని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. దాని వెనకున్న మనుషుల గురించీ చెప్పేవాణ్ణి. 1783 డిసెంబరు 1న పారిస్‌లో జాక్ ఛార్లెస్ హైడ్రోజన్ బెలూన్‌లో పైకి లేచాడు. ఇనుము మీద గంధకామ్లం పోసి తీసిన వాయువది. వేర్వేరు వాయువులు వేడికి ఒకే మేర ఉబ్బుతాయని 1787 ప్రాంతంలో గమనించాడు కానీ అచ్చు వేయించలేదు. 1802లో గే-లుసాక్ తన కొలతలు ప్రకటిస్తూ, ఛార్లెస్ తనకన్నా ముందే ఇది చూశాడని రాశాడు. ఆ నిజాయితీ వల్లే ఛార్లెస్ పేరు నిలిచింది. 0 నుంచి 100 డిగ్రీలకు 100 పాళ్ల గాలి 137.5 పాళ్లవుతుందని గే-లుసాక్ లెక్క. తర్వాతివాళ్లు మళ్లీ కొలిచి 136.6కు సరిదిద్దారు.

మా ప్రయోగశాలలో ఒక కొన మూసిన సన్నటి గాజు గొట్టం, అందులో గాలిని బంధించే పాదరసపు బొట్టు. నీళ్లలో పెట్టి కాస్తే బొట్టు పైకి జరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర 10 సెంటీమీటర్లున్న గాలి 97 దగ్గర 12.3 అవుతుంది. అంతలోనే నీళ్లు మరిగిపోతాయి.

"పుస్తకంలో 100 అని ఉంది కదా సార్, మన లెక్క తప్పా?" అని ఒకమ్మాయి అడిగింది. తప్పు కాదమ్మా. మనం సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాం. భారమితిలో పాదరసం 760 బదులు 700 మిల్లీమీటర్ల దగ్గరే నిలుస్తుంది, అందుకే నీళ్లు ముందే మరుగుతాయి. పీడనం ఎంతైనా సరే, ప్రయోగం అయ్యేదాకా మారకపోతే చాలు. నా మాట మీద నమ్మొద్దని గ్రాఫు గీయించాను. గీతను గాలి పొడవు సున్నా అయ్యేదాకా వెనక్కి పొడిగిస్తే −273 డిగ్రీల దరిదాపుల్లో ఉష్ణోగ్రత అక్షాన్ని తాకింది.

"అయితే అక్కడ గాలి మాయమైపోతుందా సార్?"

మాయం కాదు. అంతకు చాలా ముందే, −190 దాటగానే గాలి ద్రవంగా మారుతుంది. ఈ నియమం వాయువు వాయువుగా ఉన్నంతవరకే.