అగ్రహారము నుండి విద్యార్థి వేతనము వరకు

తంజావూరు సీమలోని మేలట్టూరు భాగవతమేళమునకు ఆధారము భూదానము. 16వ శతాబ్ది చివర అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబములకు, ఒక్కొక్కదానికి ఇల్లు, బావి, సాగుభూమి ఒసగెనని ప్రతీతి. ఊరికి అచ్యుతాబ్ధి యను నామాంతరము అందువలననే కలిగినది.

ఈ దానము ఏనాటి ప్రదర్శనకు ఆనాడిచ్చు బహుమానము కాదు. ఏడాది పొడుగున గ్రాసము కుదిరినందున కళ వంశధర్మమై నిలిచినది. వెంకటరామశాస్త్రి రచించిన ‘ప్రహ్లాద చరిత్రము’ నేటికిని నృసింహ జయంతికి వరదరాజస్వామి కోవెల యెదుట తెలుగుననే ఆడబడుచున్నది; ఆడువారి ఇండ్లలో వ్యవహారభాష మాత్రము తమిళము.

1855లో తంజావూరు సంస్థానము అంతరించినది. స్వతంత్ర భారతమున 1953లో సంగీత నాటక అకాడమీ ఏర్పడెను. 1982 నుండి కేంద్ర ప్రభుత్వము 10 మొదలు 14 ఏండ్ల బాలబాలికలకు సాంస్కృతిక ప్రతిభాన్వేషణ వేతనము లిచ్చుచున్నది. అందు కొంత భాగము పారంపర్య కళాకారుల సంతానమునకు ప్రత్యేకింపబడినది. 18 మొదలు 25 ఏండ్ల యువకళాకారులకు వేరొక వేతనము కలదు.

భేదమొక్కటే: నాడు దాత ఊరినే పోషించెను; నేడు అర్థియే ఒంటరిగా దరఖాస్తు పెట్టుకొనవలెను. మా బడిలో చక్కగా పాడు బాలిక యొకతె యుండెను. ప్రకటన మా చెవిని బడునప్పటికి గడువు తీరినది. మరుసటి ఏటికి ఆమె వయస్సు మించినది. ఆ లోపము నాది కూడ. రాజులు లేని కాలమున ఆ కబురు వేళకు అందించుటయైనను మన సంఘములు చేయదగిన దానము కాదా?