ఇంటింటి గణనము – గ్రాఫిక్స్ కార్డుల తప్పులు

చేనేత సహకార సంఘముల పద్ధతి కర్నూలు జిల్లా పడమటి ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లోనే అట్టి సంఘమును నెలకొల్పిరి. సంఘము నూలు నిచ్చును; నేతగాడు తన యింటి మగ్గముపై నేసి బట్టను అప్పగించును; పుచ్చుకొనువారు దానిని విప్పి చూతురు. పోగు తెగినచోటు కంటికి కనబడును. ఇదే తీరున లెక్కలను ఇంటింటికి పంచిపెట్టు ఏర్పాటు 20వ శతాబ్దము చివర కంప్యూటర్ల లోకమున వచ్చినది. అయితే లెక్కలో తెగిన పోగు పైకి కనబడదు.

1996 జనవరిలో అమెరికాలో జార్జి వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణను ప్రారంభించెను. 2ను దానితోనే పలుమారులు హెచ్చవేసి, 1 తీసివేయగా వచ్చు ప్రధాన సంఖ్యలకు ఆ పేరు. 3, 7, 31, 127 అట్టివి. 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సెటీ ఎట్ హోమ్ అను పథకమును విడుదల చేసిరి. అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన సంకేతములను తునకలు చేసి, పని లేక ఊరకున్న కంప్యూటర్లకు పంపెడివారు. ఆ పంపకము 2020 మార్చి 31న ఆగినది. ప్రోటీనులు ముడుచుకొను తీరును లెక్కించుటకు స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే బృందము 2000లో ఫోల్డింగ్ ఎట్ హోమ్‌ను ఆరంభించినది.

ఒకే తునకను రెండు కంప్యూటర్లకు పంపి, ఫలితములు కలియనిచో మూడవదానికి పంపుట తొలినాటి ఉపాయము. దీనివలన శ్రమ రెట్టింపగును. సగము యంత్రములు తక్కిన సగమునకు సాక్ష్యము చెప్పుటకే సరిపోవును.

2006 అక్టోబరులో ఫోల్డింగ్ ఎట్ హోమ్‌వారు గ్రాఫిక్స్ కార్డులపై నడచు ప్రోగ్రామును వెలువరించిరి. ఆటల బొమ్మలు గీయుటకు పుట్టిన ఈ కార్డులో చిన్నచిన్న గణన భాగములు గుంపుగా ఒకేసారి పనిచేయును. బొమ్మలో ఒక చుక్క రంగు మారినను ఆటగానికి నష్టము లేదు. ప్రోటీను లెక్కలో ఒక అంకె మారినచో తరువాతిదంతయు చెడును.

కార్డులు నడుమ నిలిచిపోవుట త్వరలోనే స్వచ్ఛంద సేవకులకు తలనొప్పి యైనది. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో ఒక కాపలా యేర్పాటు ఉండెను. కార్డు 2 సెకండ్లలో బదులు పలుకనిచో అది చిక్కుపడినదని తలచి, దానిని మరల మొదటినుండి నడిపించును. బొమ్మ గీయుటకు అంత వ్యవధి అక్కరలేదు. దీర్ఘమైన లెక్కకు చాలదు. కార్డులో దోషమేమియు లేకున్నను పని చెడెడిది. లెక్కను పొట్టి ముక్కలుగా విరిచి యిచ్చుటయే దీనికి విరుగుడు.

రెండవ అనుమానము వేడిపై. ఫ్యాను కార్డును గది గాలికంటె చల్లగా చేయజాలదు. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీలకు చేరు కార్డు, అదే భారముతో, అదే ఫ్యాను వేగముతో 42 డిగ్రీల గదిలో రమారమి 92కు చేరును. ఆదోని వేసవి ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ప్రత్తి వ్యాపారమునకు పేరుపడిన ఆ పట్టణమున ఫ్యాను రెక్కలకు ధూళితోపాటు నూగు పట్టినచో గాలి మరింత తగ్గును. అందుచే కార్డు ఆగినప్పుడు ధూళి తుడుచుట, పెంచిన వేగమును తగ్గించుట, డ్రైవరు మార్చుట మున్నగునవి చేయుదురు. అన్నియు ఒక్కసారే చేసినచో ఏది పనిచేసినదో తేలదు. ప్రయోగశాలలో వలెనే ఒకసారికి ఒక్కదానినే మార్చి చూడవలెను.

ఇంతకంటె ప్రమాదమైనది ఆగకుండ నడచుచు తప్పు చెప్పు కార్డు. ఇమ్రాన్ హక్, విజయ్ పాండే దీనిని కొలువబూనిరి. జ్ఞాపకభాగమున తెలిసిన అంకెలు వ్రాసి, తిరిగి చదివి సరిచూచు ప్రోగ్రామును 20,000కు మించిన కంప్యూటర్లకు పంపిరి. అదుపులోనున్న తమ పరీక్షలలో ఒక్క తప్పును దొరకలేదు. ఇండ్లలోని కార్డులలో మాత్రము మూడింట రెండు వంతులు తప్పు చూపినవి! వేగము పెంచుట, వేడి అను కారణములను లెక్కకు తీసుకొన్న తరువాతను ఆ తప్పులు మిగిలినవి. కార్డు నిర్మాణమును బట్టి వాని సంఖ్య మారినది. 2010లో ప్రచురితమైన ఈ ఫలితము చూచినచో, ప్రతిదానికి వేసవినే నిందించుట తొందరపాటగును.

యంత్రమును నమ్మలేనప్పుడు లెక్కనే తన తప్పు తాను పట్టుకొనునట్లు చేయవచ్చునా? చేయవచ్చునని 2017లో రాబర్ట్ గెర్బిచ్ చూపెను. మెర్సెన్ సంఖ్యల పరీక్షలో ఒక సంఖ్యను మరల మరల వర్గము చేయుచు పోవలెను. నియమిత విరామములలో వచ్చిన ఫలములను గుణించి యుంచుదురు. ఆ లబ్ధమునే మరియొక దారిన రాబట్టి పోల్చుదురు. రెండును కలియనిచో, చివర సరిపోయిన చోటికి వెనుకకు పోయి తిరిగి సాగుదురు. అదనపు శ్రమ బహు స్వల్పము.

ఇట్టి సరిచూపుతో నడచిన గ్రాఫిక్స్ కార్డులే 2024 అక్టోబరులో క్రొత్త ప్రధాన సంఖ్యను పట్టినవి. ల్యూక్ డ్యురాంట్ నడిపించిన కార్డులలో డబ్లిన్‌లోని ఒకటి మొదట సూచన ఇచ్చినది. మరునాడు, 12వ తేదీన, అమెరికాలోని శాన్ ఆంటోనియోలో నున్న మరియొకటి ధ్రువపరచినది. 2ను 136,279,841 సార్లు వేసి హెచ్చించి, 1 తీసివేయగా వచ్చిన ఆ సంఖ్యలో 41,024,320 అంకెలు కలవు. అటుపై వేరువేరు ప్రోగ్రాములతో, వేరువేరు యంత్రములపై మరల లెక్కించి చూచిన పిమ్మటనే దానిని లోకమునకు ప్రకటించిరి.